మాట మాన్పించిన తల్లి

విజయకుమారి ఏదైనా అడగడానికి వస్తే ముందు మా గేటు గొళ్లెంతో కాసేపు ఆడుతుంది. పదో తరగతిలో కూడా అంతే. సందేహం అడగాలంటే లేచి నిలబడి వోణీ కొసకు ముడి వేసేది, విప్పేది, మళ్లీ వేసేది. ఇప్పుడు ముప్పై దాటింది. ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో కుట్టు మిషను పెట్టుకుని సగం ఊరికి జాకెట్లు కుడుతుంది. ఇల్లు మాత్రం ఊళ్లో లేదు. అనుమసముద్రంపేట పోయే దారిలో గొర్రెలు మేపుకునే వాళ్ల పల్లె ఒకటుంది, అక్కడ.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. నాకు నోరెక్కువని నా దగ్గర చదువుకున్న పిల్లలంతా అంటారు. పెన్షను కాగితాలు చూసిన గుమాస్తా కూడా రెండో రోజుకే కనిపెట్టేశాడు. ఆ నోటి సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదాంట్లో దాని పాపం కూడా ఉంది.

ఆ జూన్‌లో ఒక పొద్దున గొళ్లెం చాలాసేపు కదిలింది. విసుగొచ్చి నేనే పోయి గేటు తీశాను. విజయ చేతిలో రంగు కాగితం ఉంది. ఊళ్లో ఒక ప్రైవేటు బడి వేసిన కరపత్రం. ఆ బడి పేరు చెప్పను, వాళ్ల తప్పేమీ లేదు, తప్పంతా మాదే. చిన్న తరగతుల్లో కొత్తగా చైనీస్ సెక్షన్ పెట్టారట. పొద్దున గంట కొట్టిన దగ్గర్నుంచి మధ్యాహ్నం అన్నాల దాకా అంతా ఆ భాషలోనే. పాటలు, లెక్కలు, మంచినీళ్లు అడగడం, బయటికి పోవాలని చెప్పడం, అన్నీ. మధ్యాహ్నం నుంచి ఇంగ్లీషు. తెలుగు వారానికి మూడు పీరియడ్లు. ఆ మూడు అనే అంకె దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

"మా అశ్వితను దీంట్లో వెయ్యాలని ఉండాది టీచరమ్మా. మీరేమంటారు?"

"నేనేమంటాను? మీ గొర్రెలు కొనడానికి చైనా వాళ్లు గానీ వస్తున్నారా ఏంటి?"

మామూలుగా నా ఎకసెక్కాలకు నవ్వే పిల్ల ఆ రోజు నవ్వలేదు. అరుగు మీద కూర్చుని, నాకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది.

పెళ్లికి ముందు రెండేళ్లు ఆమె నాయుడుపేట అవతల ఒక బూట్ల కంపెనీలో పని చేసింది. బూట్లకు అడుగులు అతికించే పని. పైన సూపర్‌వైజరు చైనా ఆయన. ఆయనకూ వీళ్లకూ మధ్య మాటలు చేరవేయడానికి ఒక అమ్మాయి ఉండేది. ఒకరోజు కొత్త జిగురు డబ్బా వచ్చింది, దాని వాసనే తేడాగా ఉందని విజయ పొద్దుననే కనిపెట్టింది. చెప్పబోతే ఎవరూ వినలేదు. సాయంత్రానికి అతికించిన అడుగులన్నీ ఊడిపోయాయి. ఆయన వచ్చి అరుస్తుంటే విజయ జిగురు సంగతంతా మొదటి నుంచి చివరి దాకా వివరంగా చెప్పింది. మధ్యలో నిలబడ్డ అమ్మాయి దాన్ని మూడు ముక్కల్లో తేల్చేసింది. ఆయన తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. మర్నాడు విజయను లైను నుంచి తీసేసి ఊడ్చే పనికి మార్చారు.

"నా మాట ఆ పిల్ల నోట్లోకి పోయి చచ్చిపోయింది టీచరమ్మా. ఆమె నా ఈడుదే, మన కావలి పిల్లే. నా బిడ్డకు అట్టా జరక్కూడదు. దాని మాట అదే చెప్పుకోవాల."

కాగితం తిరిగి ఇచ్చేసి, "వెయ్యి మరి" అన్నాను. ఆ మాట కూడా సంతోషంగా అనలేదు, మూతి ముడుచుకునే అన్నాను.

ఇంట్లో వాళ్ల సంగతి చెప్పాలి. భర్త సురేంద్రబాబు మందతోపాటు తిరిగే మనిషి. కోతలైన పొలాల్లో ఎరువు కోసం రైతులు గొర్రెల్ని పడుకోబెట్టించుకుంటారు కాబట్టి ఏడాదిలో సగం రోజులు జలదంకి వైపో కావలి వైపో ఉంటాడు. మనుషులతో మాట్లాడాలంటే అతనికి ఎక్కడ లేని మొహమాటం. చైనీస్ సంగతి చెబితే, "నీ ఇష్టం" అని ఊరుకున్నాడు. అత్త ఆదిశేషమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఏందే ఇది? రేపు అది నన్ను తిట్టినా నాకు తెలవదు గదే?" అందిట.

"తిట్టదులే అత్తా."

"తిట్టకుంటే అవ్వా మనవరాళ్లం ఎట్టా అవుతాం?"

అశ్వితకు ఐదేళ్లు. ఆ పిల్ల నోరు నా నోటికి తీసిపోయేది కాదు. ఒకసారి మా ఇంటికి తీసుకొస్తే, పూజగది తలుపు కిర్రుమంటుందేంటి దగ్గర్నుంచి నా పళ్లు కట్టుడువా సొంతవా దాకా అన్నీ అడిగేసింది. ఇంట్లో అవ్వను నిలవనిచ్చేది కాదు. అవ్వా, గొర్రెకు పైపళ్లు ముందర ఎందుకు లేవు? అవ్వా, పొట్టేలుకు మీసాలు రావా? బడి వ్యానెక్కితే డ్రైవరుకు ఊరి వార్తలన్నీ చెప్పేది.

మొదటి రెండు నెలలూ బాగానే నడిచింది. బడి నుంచి వచ్చి, "అవ్వా, ష్వే తే" అనేది. ష్వే అంటే నీళ్లని ఆదిశేషమ్మ కూడా నేర్చుకుంది. మా ఇంటికి వచ్చినప్పుడు ఆవిడే నా దగ్గర ఆ మాట వాడి, నాకు అర్థం కాకపోతే గర్వపడింది.

ఆగస్టులో బడి వాళ్లు తల్లిదండ్రుల్ని పిలిచి, ఇంట్లో కూడా వీలైనంత చైనీస్ వినిపించండి, ఫోన్లో పాటలు పెట్టండి అని చెప్పి పంపారు. వాళ్లన్నది అంతే. ఆ మీటింగులో ఒక ఇంజనీరు కొడుకు గడగడా పద్యంలాగా ఏదో చైనీస్ అప్పజెప్పాడట. విజయ మనసులో అది ముల్లులా దిగింది. ఇంటికొచ్చి కూతుర్ని గమనించడం మొదలుపెట్టింది. లెక్కపెట్టమంటే ఐదు దాకా చైనీస్, ఆరు నుంచి తెలుగు. ఒకరోజు అశ్విత దొడ్లో కొత్తగా పుట్టిన గొర్రెపిల్లను చూపించి, "అమ్మా, అదిగో అది... అది..." అని ఆగిపోయింది. తెలుగు మాటా నోటికి రాలేదు, చైనా మాటా రాలేదు. ఐదేళ్ల పిల్లలకు అలాంటివి రోజుకు పది జరుగుతాయి. కానీ తల్లికి భయం పుట్టాక ఏది చూసినా అదే.

పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది. నేనప్పుడు గ్యాసు సిలిండరు అయిపోయి, సగం ఉడికిన పప్పు ముందు నిలబడి ఉన్నాను.

"రెండూ కలిసిపోయి ఏదీ రాకుండా పోతుందేమో టీచరమ్మా. ఏం చెయ్యాలంటారు?"

"ఏం చేస్తావు, ఇంట్లో తెలుగు మానెయ్యండి! పీడా పోతుంది" అన్నాను.

వెటకారంగా అన్నాను. పప్పు మీద కోపం, మూడు పీరియడ్ల మీద కోపం, అన్నీ కలిపి ఆమె మొహాన కొట్టాను. మీరైతే అది వెటకారమని పట్టేసేవాళ్లే. కానీ ఆమె నా విద్యార్థి. టీచరమ్మ చెప్పిందంటే రాసుకుని పోయి చదివే రకం. తల ఊపి వెళ్లిపోయింది. నేను పక్కింటి నుంచి సిలిండరు తెచ్చుకుని పప్పు ఉడకేసుకుని, ఆ మాట మర్చిపోయాను.

ఒక్క నా మాటకే ఆమె అంత పని చేసి ఉండేది కాదు. ఆ ఇంట్లో దానికి తగిన పద్ధతి ఒకటి అప్పటికే ఉంది. పాలు మరవని గొర్రెపిల్లలు కొన్ని ఉంటాయి. మేత ముందర పెట్టినా ముట్టవు, తల్లి దగ్గరికే పోతాయి. అప్పుడు ఆదిశేషమ్మ తల్లిగొర్రె పొదుగుకు పేడ పూస్తుంది. పిల్ల వచ్చి మూతి పెట్టి, వాసనకు వెనక్కి పోతుంది. మూడు రోజులు ఒకటే అరుస్తుంది. నాలుగో రోజు ఆకలికి తాళలేక అవిసె ఆకు కొరుకుతుంది. ఇక దాని బతుకు అది బతుకుతుంది. విజయ కాపురానికి వచ్చినప్పటి నుంచి ఏటా చూస్తున్న పని ఇది. ఒక్కసారి కూడా అది పారకపోవడం చూడలేదు.

ఆ సాయంత్రమే అత్తను కూర్చోబెట్టి చెప్పింది. పాప వ్యాను దిగిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎవరూ దానితో తెలుగులో మాట్లాడకూడదు. అది అడిగినా పలకకూడదు. ఫోన్లో చైనీస్ పాటలు నడుస్తుంటాయి. తెలుగు దొరక్కపోతే దానంతట అదే ఆ భాషను పట్టుకుంటుంది.

"మనకు ఆ భాష రాదు గదే. మరి దాంతో ఎట్టా మాట్లాడేది?"

"చేత్తో చూపిద్దాం అత్తా. మూడు రోజులు ఓర్చుకో."

చైనీస్ అంటే మొదట అంత గోల చేసిన ఆదిశేషమ్మ ఈ మాటకు మాత్రం ఒప్పుకుంది. తన విద్య మీద తనకున్న నమ్మకం అలాంటిది. "సరేలే. గొర్రెపిల్ల అరవదా ఏంది, అరిచి అరిచి ఆకు కొరుకుద్ది" అంది.

మొదటి రోజు అశ్విత ఇదేదో ఆట అనుకుంది. అవ్వ చేతులు తిప్పి అన్నం తినమని చూపిస్తే కిలకిలా నవ్వి, తనూ చేతులు తిప్పింది. రెండో రోజు, "అవ్వా, నీకు చెవుడొచ్చిందా?" అని చెవి దగ్గర అరిచింది. మూడో రోజు ఏడ్చింది. అమ్మ కొంగు పట్టుకుని, గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని, "మాట్లాడే! మాట్లాడే!" అని ఏడ్చింది. ఆదిశేషమ్మ దొడ్డి వెనక్కి పోయి నిలబడింది. విజయ పళ్లు బిగబట్టుకుని ఫోన్లో పాట సౌండు పెంచింది. మూడో రోజు గడ్డుగా ఉంటుందని ఆమెకు తెలుసు.

సురేంద్ర రోజూ సాయంత్రం ఫోన్ చేసి కూతురితో రెండు ముక్కలు మాట్లాడేవాడు. అతన్నీ మాట్లాడొద్దంది. అయినా అతను ఫోన్ చేయడం మానలేదు. పిల్ల ఫోన్ చెవికి పెట్టుకుని, "నాయనా, నాయనా" అంటే, అటువైపు నుంచి గొర్రెల అరుపులు మాత్రం వినిపించేవి.

వారం దాటాక పిల్ల అడగడం మానేసింది. వ్యాను దిగుతుంది, కాళ్లు కడుక్కుంటుంది, పెట్టింది తింటుంది, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. "అరుపు ఆగింది అత్తా" అని విజయ సంతోషించింది. ఇక ఆకు కొరికేది ఎప్పుడా అని ఎదురు చూసింది. పది రోజులు, పదిహేను రోజులు. చైనీస్ ఒక్క ముక్క లేదు. తెలుగు కూడా లేదు. ష్వే కావాలని కూడా అడగడం లేదు, తనే పోయి ముంచుకుని తాగుతోంది.

వ్యాను డ్రైవరు ఒక పొద్దున అడిగాడు. "ఏందమ్మా, పాప మునుపు నా తల తినేది. ఇప్పుడు కిటికీలోంచి చూస్తా కూసోనుండాది. ఒళ్లు బాగాలేదా?"

అక్కడ పట్టుకుంది విజయకు భయం. కూతుర్ని నెల్లూరు తీసుకుపోయి చెవులు చూపించింది, గొంతు చూపించింది. అన్నీ బాగున్నాయన్నాడు డాక్టరు. ఇంట్లో ఏమన్నా జరిగిందా అని అడిగితే, ఏం జరగలేదు సార్ అని చెప్పింది. అబద్ధం చెబుతున్నానని ఆమెకు తెలియదు. వచ్చేటప్పుడు అనుమసముద్రంపేటలో దిగి దర్గాలో మొక్కుకుని, పిల్ల చేతికి దారం కట్టించింది. అప్పుడు కూడా తెలుగులో మాట్లాడలేదు. సైగ చేసి చెయ్యి చాపమంది.

నాకు ఈ సంగతి తెలిసింది నా జాకెట్ వల్ల. తొడుక్కుందామని చూస్తే రెండు చేతులూ ఎడమవే. ఏళ్ల తరబడి కుడుతున్న మనిషి ఇలా కుట్టిందేమిటని, జాకెట్ సంచీలో వేసుకుని, తిట్టాల్సిన తిట్లన్నీ దారిపొడుగునా వరసపెట్టుకుంటూ కొట్టుకు పోయాను. అక్కడ ఆమె కళ్లు చూశాక ఒక్కటి కూడా గుర్తు రాలేదు. మిషను మీద తల పెట్టి ఏడ్చి, మొదటి నుంచీ చెప్పింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "పసిబిడ్డతో ఇరవై రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నారా! ఎవరు చెప్పారే నీకు ఈ దిక్కుమాలిన సలహా?"

ఆమె కళ్లు తుడుచుకుని నావైపు ఆశ్చర్యంగా చూసింది.

"మీరే గదా టీచరమ్మా. ఇంట్లో తెలుగు మానెయ్యమని."

ఎవరో నన్ను చెంపమీద కొట్టినట్టయింది. తరగతిలో నేను విసిరిన వెటకారాలు ఎన్ని వందలో, వాటిలో ఎన్నిటిని ఎంతమంది పిల్లలు ఇలా నిజమనుకుని ఇంటికి మోసుకుపోయారో ఆ దేవుడికే తెలియాలి. ఆమెకు సంజాయిషీ చెప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది. "పద, బడికి పోదాం" అన్నాను.

చైనీస్ చెప్పే ఎడ్విన్ సారు ముప్పై లోపు కుర్రాడు, ఉదయగిరి వాడు. డాక్టరు చదువు కోసం చైనా పోయాడు. కరోనా వచ్చి తిరిగొచ్చేసి, మిగతా చదువు ఉదయగిరిలో ఫోన్ ముందు కూర్చుని పూర్తి చేశాడు. ఇక్కడ వైద్యం చెయ్యాలంటే రాయాల్సిన పరీక్ష రెండుసార్లు పోయింది. మూడోసారికి చదువుకుంటూ పిల్లలకు పాఠం చెబుతున్నాడు. మేం పోయేసరికి వరండాలో క్యారియర్ విప్పుకుని అన్నం తింటున్నాడు.

"నేనే కబురు చేద్దామనుకుంటా ఉండానమ్మా. రెండు వారాలుగా పాప క్లాసులో కూడా నోరు తెరవలా. మొదట్లో అందరికన్నా అదే ఎక్కువ మాట్లాడేది. ఇంట్లో ఎట్టుండాది?"

"ఇంట్లో మేం ఒక్క తెలుగు ముక్క కూడా దాని చెవిన పడనియ్యలేదు సార్" అంది విజయ. ఆ మాటలో భయం ఉంది, తన వంతు పని తను చేశానన్న ధీమా కూడా ఉంది.

ఎడ్విన్ కలుపుతున్న ముద్ద గిన్నెలో వదిలేశాడు.

"అమ్మా, నేను చైనా పోయిన కొత్తల్లో నాలుగు నెలలు నోరు తెరవలా. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం. రోజూ మా అమ్మ ఉదయగిరి నుంచి ఫోన్ చేసి, ఏం తిన్నావురా, మన మేక గోడ దూకిందిరా, పక్కింటోళ్లతో తగాదా పడినానురా, అని వాగతా ఉండేది. ఆమెతో అంతసేపు మాట్లాడినాక పక్క రూములోకి పోయి వచ్చీరాని ముక్కలు మాట్లాడే ధైర్యం వచ్చేది. ఆమె ఫోన్ మానేసి ఉంటే నేను మూటా ముల్లె సర్దుకుని వచ్చేసి ఉందును."

"రెండూ కలిపి మాట్లాడతా ఉంటే చెడిపోద్దని..."

"కలపనీ. నేనూ కలిపినా. ఆ వయసులో కలపకుండా ఎవరికీ రాదు. పాప తెలుగులో పది మాటలు చెప్తే వాటిల్లో రెండు నేను చైనీస్‌లో చెప్పిస్తా. చెప్పేదే ఏం లేకపోతే నేనేం చెప్పించేది?"

విజయ స్తంభం పట్టుకుని నిలబడింది. "గొర్రెపిల్లకయితే మూడు రోజుల్లో..." అని ఏదో మొదలుపెట్టి ఆపేసింది. ఎడ్విన్‌కు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం ఆదిశేషమ్మ వ్యాను వచ్చే వేళకు గంట ముందే పోయి రోడ్డు మీద నిలబడిందట. పిల్ల దిగీ దిగగానే ఇరవై రెండు రోజులుగా లోపల పెట్టుకున్నదంతా కుమ్మరించింది. నా తల్లీ, నా బంగారూ, ఆ మచ్చల గొర్రె రెండు ఈనిందే, నీకు చూపిస్తా రాయే అని. అశ్విత అవ్వ మొహంలోకి ఒకసారి చూసింది. చేతిలోంచి చెయ్యి విడిపించుకుని లోపలికి పోయి కాళ్లు కడుక్కుంది.

ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. తొమ్మిది రోజులు ఇల్లంతా మాట్లాడింది, పిల్ల మాట్లాడలేదు. విజయ జడ వేస్తూ మాట్లాడేది, అన్నం పెడుతూ మాట్లాడేది. జవాబు కోసం ఆగేది, రాకపోతే మళ్లీ మొదలుపెట్టేది. ఆమెకు అన్నం సయించేది కాదు. ఒకరోజు దొడ్లో గొర్రెలకు మేత వేస్తూ ఆదిశేషమ్మ తనలో తను అనుకున్నట్టు అంది.

"కొన్ని పిల్లలు ఉంటాయే విజయా. పేడ కడిగేసినా మళ్లా పొదుగు దగ్గరికి రావు. ఆ వాసన గుర్తుండిపోద్ది వాటికి."

ఆ మాట విన్నాక విజయ పూర్తిగా బెదిరిపోయింది. ఈ అనర్థమంతా చైనీస్ బడి వల్లే అనుకుంది. టీసీ ఇప్పించమని అర్జీ రాసుకుని, తెలుగు దిద్దిపెట్టమని నా దగ్గర పెట్టి వెళ్లింది. సోమవారం బడికి ఇస్తానంది. నేను ఆ కాగితం ముట్టుకోలేదు. అందులో తప్పులు వెతికే అర్హత నాకెక్కడిది?

ఆదివారం కూతుర్ని తీసుకుని జలదంకి పోయింది. ఎడగారు వరి, అంటే రెండో పంట, కోసిన పొలాల్లో మంద ఉంది. సురేంద్ర పిల్లను ఎత్తుకుని గట్ల మీద తిప్పాడు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో అతను అన్ని మాటలు మాట్లాడగా విజయ ఎప్పుడూ వినలేదట. ఇది మన కొమ్ముల పొట్టేలు, ఇది కుంటిది, దీనికి నీ పేరే పెట్టినా చూడు అని. పిల్ల నాయన మెడ చుట్టూ చేతులేసి వింది. సాయంత్రం దాకా విన్నది విన్నట్టే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు కలిగిరిలో బస్సు మారాలి. బస్టాండులో జామకాయ కోసి ఉప్పూ కారం చల్లి అమ్ముతుంటే కొనిచ్చింది. విజయకు మాట్లాడటానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ రోజుకు మాటలన్నీ అయిపోయాయి. పిల్ల జామ ముక్క తినకుండా చేతిలో పట్టుకుని తల్లి మొహం వైపు చూస్తూ చూస్తూ ఉంది.

"అమ్మా, నా మీద కోపం పోయిందా?"

గొంతు బొంగురుగా, ఎవరిదో అన్నట్టు ఉందట.

"కోపమా? నీ మీద కోపమేందే? ఎప్పుడు?"

"మీరందరూ నాతో మాటలు మానుకున్నారు గదా. పెదనాయనోళ్లతో మానుకున్నట్టు."

సురేంద్ర అన్నకూ వీళ్లకూ దొడ్డి గోడ దగ్గర తగాదా వచ్చి రెండేళ్లు. ఇళ్లు పక్కపక్కనే. ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటారు, ఒకరింట్లో జ్వరమొచ్చినా ఇంకొకరు పలకరించరు. మన ఊళ్లల్లో అది కొత్తేం కాదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు మనుషులు మాట్లాడకపోవడానికి ఒకటే అర్థం తెలుసు. తనేదో తప్పు చేసింది. ఏం తప్పో ఎవరూ చెప్పలేదు. ముప్పై రోజులుగా అదేమిటా అని వెతుక్కుంటోంది.

విజయ బస్టాండులో అందరి ముందూ పిల్లను ఒళ్లోకి లాక్కుని, కోపం కాదే, నీకు చైనీస్ బాగా రావాలని అట్టా చేసినామే, అమ్మకు తెలవక చేసిందే, అని చెప్పింది. పిల్ల అంతా విని ఇంకొకటి అడిగింది.

"చైనీస్ రాకపోతే మళ్లా మానుకుంటారా?"

"దానికి ఏం చెప్పినావే?" అని అడిగాను నేను. సోమవారం పొద్దున వాళ్లిద్దరూ మా అరుగు మీద ఉన్నారు, పిల్ల బడి బట్టల్లో తల్లిని ఆనుకుని నిలబడి ఉంది.

"వచ్చినా మాట్లాడతా, రాకపోయినా మాట్లాడతా అని దాని నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసినా టీచరమ్మా. బస్సులో ఆత్మకూరు వచ్చిందాకా ఆపకుండా మాట్లాడినా. అది నమ్మిందో లేదో నాకు తెలవదు. మధ్యలో రెండుసార్లు ఊ అనింది." గేటు గొళ్లెం జోలికి పోకుండా తిన్నగా నా కళ్లలోకి చూసింది. "ఆ టీసీ అర్జీ ఇచ్చెయ్యండి, చించేస్తా. ఇప్పుడు బడి మాన్పిస్తే, చైనీస్ రాలేదని మాన్పించినామనుకుంటాది. దాన్ని అట్టనే పోనీ. వచ్చినంత వస్తాది."

కాగితం లోపల్నుంచి తెచ్చి ఇచ్చాను. నా మాట సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తి నాలుగు దులిపేసి ఉంటే నాకు తేలికగా ఉండేది. నేనే ఎత్తుదామని నోరు తెరిచాను. ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పిన నోరు. తప్పయిపోయిందమ్మా అనడానికి రెండు ముక్కలు చాలు, ఆ రెండూ దొరకలేదు. మొహం గేటు వైపు తిప్పుకున్నాను.

అశ్విత నా వైపు చూసింది. మెల్లిగా తల్లి కొంగు లాగి, నాకు వినపడకూడదని చిన్న గొంతుతో అడిగింది.

"అమ్మా, టీచరమ్మకు కూడా నా మీద కోపమా?"

నేను అరుగు మీద కూలబడి ఆ పిల్లను దగ్గరికి లాక్కున్నాను. లేదు తల్లీ, కోపం లేదు, నువ్వే తప్పూ చెయ్యలేదు, తప్పు చేసింది ఈ టీచరమ్మే అన్నాను. అది చాలదనిపించింది. పొద్దున ఏం తిన్నావు, జడ ఎవరు వేశారు, మచ్చల గొర్రె పిల్లలు ఎలా ఉన్నాయి, నా పళ్లు కట్టుడువో కాదో ఈసారి చూపిస్తా రా, అంటూ నోటికి ఏదొస్తే అది మాట్లాడాను. ఆ రోజు మా వీధికి రమ్మన్న బడి వ్యాను వచ్చి హారను కొట్టినా ఆపలేదు. ఆ పిల్ల ఏదో ఒకటి జవాబు చెప్పేదాకా ఆపడానికి నాకు భయం వేసింది.